లెనర్డ్ కోహెన్ పాట, ఇతరుల గొంతు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: కెనడా వాగ్గేయకారుడు లెనర్డ్ కోహెన్ పాటలను పలువురు ప్రసిద్ధ గాయకులు పాడిన ‘టవర్ ఆఫ్ సాంగ్’ అనే నివాళి ఆల్బమ్‌ను ఈ మధ్య శ్రద్ధగా విన్నాను. పాడినవారంతా హేమాహేమీలే. ఒక్కరి ప్రతిభనూ శంకించడానికి లేదు. అయినా ఆల్బమ్ పూర్తయ్యేసరికి కోహెన్‌ను విన్నానన్న తృప్తి మాత్రం కలగలేదు. ఇటువంటి ఆల్బమ్‌లు ఒక గొప్ప పాటల రచయిత సంగీతానికి నిజంగా న్యాయం చేయగలవా? లేక లోపం నేను వినడంలోనే ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: లోపం మీరు వినడంలో లేదు, ఆ ఆల్బమ్‌ను కూర్చిన పద్ధతిలో ఉంది. 1995లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో స్టింగ్, ఎల్టన్ జాన్, బిల్లీ జోయెల్, విల్లీ నెల్సన్, పీటర్ గేబ్రియల్, బోనో, సుజాన్ వేగా వంటివారు పాడారు. వీరి గొంతులూ, వీరి వాద్యాల కూర్పులూ అప్పటికే లోకానికి చిరపరిచితాలు. అంతటి పేరున్నవారు తలా ఒక పాట తీసుకుని ఎవరి ధోరణిలో వారు పాడినప్పుడు, వినేవారి చెవికి ముందుగా సోకేది పాడుతున్నవారి ముద్రే. స్టింగ్ వెనుక చీఫ్టెన్స్ అనే ఐరిష్ జానపద బృందం ఎంత హాయిగా వాయించినా, ఎల్టన్ జాన్ పాట ఎంత హుషారుగా నడిచినా, ఈ గాయకుడు ఈ పాటనే పాడవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్నకు ఆ రికార్డులో జవాబు దొరకదు. మీ అసంతృప్తికి కారణం అదేనని నేను భావిస్తున్నాను.

అయితే దీన్నిబట్టి నివాళి ఆల్బమ్‌లు న్యాయం చేయలేవని తీర్మానించడం తొందరపాటవుతుంది. ఎందుకంటే అంతకు నాలుగేళ్ల ముందే, 1991లో, ‘లెజాంరోక్యుప్తిబ్ల్’ అనే ఫ్రెంచి పత్రిక పూనుకొని ఇదే కోహెన్ పాటలతో ‘ఐయామ్ యువర్ ఫ్యాన్’ అనే ఆల్బమ్‌ను వెలువరించింది. ఆర్.ఇ.ఎం., పిక్సీస్, నిక్ కేవ్, ఇయన్ మెకలక్, లాయిడ్ కోల్ మొదలైనవారు అందులో పాడారు. వీరిలో ఎక్కువమంది కోహెన్ కంటే ఒక తరం చిన్నవారు. ఆయన రికార్డులను తమ యౌవనంలో విని, వాటి ప్రభావంతో సొంత పాటలు కట్టుకున్నవారు. ఆ ఆల్బమ్‌లోని పాటలన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని నేను అనను. కొన్ని తడబడతాయి, కొన్ని మూలానికి మరీ దగ్గరగా ఉండిపోతాయి. నిక్ కేవ్ బృందం పాడిన పాట అయితే ఒకే పాటలో అనేక శైలులు మార్చుకుంటూ, మధ్యమధ్య కావాలనే చిందరవందరగా సాగుతుంది. అయినా ప్రతి పాటలోనూ పాడేవారు ఆ సాహిత్యంతో ఏదో ఒక తీర్మానానికి వచ్చిన జాడ కనిపిస్తుంది. ఈ పదాన్ని ఇక్కడ నొక్కాలా వదలాలా, ఈ చరణాన్ని ఎంత వేగంతో నడపాలి, ఏ వాద్యాన్ని పక్కన పెట్టాలి అన్న ఆలోచన వినిపిస్తుంది. నివాళి ఆల్బమ్‌ను తూచవలసిన తూకం నా దృష్టిలో ఇదే.

ఒక్క పాటను దగ్గరగా పరిశీలిస్తే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. కోహెన్ రాసిన ‘హల్లెలూయా’ ఈ రెండు ఆల్బమ్‌లలోనూ ఉంది కాబట్టి దాన్నే తీసుకుందాం. ఆ పాట మొదట 1984లో ‘వేరియస్ పొజిషన్స్’ అనే ఆల్బమ్‌లో వచ్చింది. ఆ ఆల్బమ్‌ను అమెరికాలో విడుదల చేయడానికి ఆయన రికార్డు కంపెనీ అయిన కొలంబియా అప్పట్లో ఇష్టపడలేదు. మూల రికార్డులో సింథసైజర్, డ్రమ్స్, పల్లవి దగ్గర బృందగానం, వాటి ముందు కోహెన్ మంద్రమైన గొంతు వినిపిస్తాయి. ఈనాడు మనం ఊహించుకునే ఆదరణ ఏదీ ఆ పాటకు అప్పుడు దక్కలేదు.

‘ఐయామ్ యువర్ ఫ్యాన్’ కోసం ఆ పాటను ఎంచుకున్నది జాన్ కేల్. ఆయన వేల్స్‌కు చెందిన సంగీతకారుడు, ‘వెల్వెట్ అండర్‌గ్రౌండ్’ బృంద స్థాపకులలో ఒకరు. కోహెన్ న్యూయార్క్‌లోని బీకన్ థియేటర్‌లో ఆ పాట పాడగా విన్న కేల్, సాహిత్యం పంపమని అడిగితే, కోహెన్ పదిహేను పేజీల చరణాలను ఫ్యాక్స్ చేశారట. కేల్ వాటిలో నుంచి ఏరుకున్నారు. మూల రికార్డులోని మొదటి రెండు చరణాలను ఉంచి, దైవనామం గురించిన వాదం, తాను చేయగలిగింది చేశానన్న వినమ్రమైన ఒప్పుకోలు ఉన్న చివరి రెండింటినీ వదిలి, వాటి స్థానంలో ప్రేమలో ఓడినవారి ఇల్లు, గది, చేదు జ్ఞాపకాలు ఉన్న మూడు చరణాలను తీసుకున్నారు. బృందగానాన్నీ, డ్రమ్స్‌నూ తొలగించి ఒక్క పియానోతో పాడారు. దాంతో పాట గుడి మెట్ల దగ్గర నుంచి లేచి ఇంటి లోపలికి వచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, కేల్ ఆ చరణాలను తానుగా కల్పించలేదు. 1988లో ఆస్టిన్‌లో పాడినప్పుడు కోహెన్ స్వయంగా 1984 నాటి చరణాలలో చాలావాటికి బదులు వేరే చరణాలు పాడారు. ఆ కచేరీ రికార్డింగు 1994లో వచ్చిన ‘కోహెన్ లైవ్’ ఆల్బమ్‌లో ఉంది. అంటే రచయిత మనసులో ఆ పాట ఇంకా ముగియలేదు. ముగియని పాటను ముగియనిదిగా గుర్తించి, రచయిత సంపదలోనే మరొక కూర్పును వెతికి తెచ్చిన గాయకుడు ఆ రచయితకు చేసిన న్యాయం కంటే పెద్ద న్యాయం ఏముంటుందో నాకు తెలియదు.

అమెరికా గాయకుడు జెఫ్ బక్లీ ఆ పాటను విన్నది కేల్ గొంతులోనే. 1994లో ఆయన తన ‘గ్రేస్’ ఆల్బమ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ మీద దాన్ని పాడారు. 2001లో ‘ష్రెక్’ చలనచిత్రంలో వినిపించినది కేల్ పాడినదే. ఆ తర్వాత దాన్ని పాడినవారిని లెక్కపెట్టడం కష్టం. 2008 డిసెంబరులో బ్రిటన్ పాటల పట్టికలో అలెగ్జాండ్రా బర్క్ పాడిన ‘హల్లెలూయా’ మొదటి స్థానంలోనూ, బక్లీ పాడినది రెండో స్థానంలోనూ, కోహెన్ సొంత రికార్డు 36వ స్థానంలోనూ ఒకే వారంలో నిలిచాయి. ఒక ఫ్రెంచి పత్రిక తలపెట్టిన నివాళి ఆల్బమ్‌లో చివరి పాటగా చోటు దక్కించుకున్న కూర్పు నుంచి ఇదంతా నడిచి వచ్చింది.

ఇక అదే పాటను 1995 ఆల్బమ్‌లో బోనో ఎలక్ట్రానిక్ లయ మీద సగం మాటలుగా, సగం గుసగుసగా పలికారు. అది సాహసమే, కాదనను. కానీ ఆ పాట నిర్మాణంలో ఒక సూక్ష్మమైన విశేషం ఉంది. మొదటి చరణంలో పాట తన స్వరగతిని తానే వర్ణించుకుంటుంది. నాలుగో కార్డు (కార్డు అంటే ఒకేసారి మోగించే కొన్ని స్వరాల గుంపు), ఐదో కార్డు, అక్కడి నుంచి విషాదం ధ్వనించే మైనర్‌లోకి జారడం, తిరిగి వెలుగు ధ్వనించే మేజర్‌లోకి లేవడం అంటూ మాటలు సాగుతుండగా, వాద్యంలో సరిగ్గా ఆ మాటల కిందనే ఆ కార్డులు పడతాయి. సి శ్రుతిలో వాయిస్తే అవి వరుసగా ఎఫ్, జి, ఎ మైనర్, ఎఫ్ అవుతాయి. మాట చెప్పినదాన్ని స్వరం అదే క్షణంలో చేసి చూపుతుంది. పలుకుబడి మారి, బాణీ వెనక్కు తగ్గిపోతే ఈ అమరిక చెవికి అందదు, ఆ పంక్తి ఉత్త సమాచారంగా మిగులుతుంది. కేల్ పియానోలో అది అద్దంలో చూసినంత తేటగా వినిపిస్తుంది. పాటలో తీసివేయదగినవి ఏవో, తాకకూడనివి ఏవో కేల్‌కు తెలుసు.

ప్రశ్న: కోహెన్ గొంతు పెద్దగా స్థాయి లేనిదని ఆయన అభిమానులే అంటారు. మరి శ్రుతిశుద్ధంగా, మంచి గాత్రంతో ఎవరు పాడినా ఆ పాటలు మెరుగుపడాలి కదా? అలా జరగడం లేదెందుకు?
– ఒక పాఠకురాలు

జవాబు: కొన్నిసార్లు మెరుగుపడ్డాయి కూడా. జెనిఫర్ వార్న్స్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆమె కోహెన్ కచేరీ పర్యటనలలో వెనుక నిలబడి పాడిన గాయని. 1980ల రెండో సగంలో ఆమె కేవలం కోహెన్ పాటలతో ‘ఫేమస్ బ్లూ రెయిన్‌కోట్’ అనే ఆల్బమ్ చేశారు. ఆమె గొంతు నిర్మలమైనది, విస్తారమైనది. అయితే ఆమె చేసిన మేలు గొంతు వల్ల మాత్రమే కాదు. ఆ పాటలు రాత్రుళ్లు వేదిక మీద ఎలా పెరుగుతాయో, రచయిత ఏ పదం దగ్గర ఆగుతాడో ఆమె పక్కన నిలబడి విన్నారు. అందువల్ల అలంకారాలు ఎక్కడ చేర్చవచ్చో, ఎక్కడ గొంతును బిగబట్టాలో ఆమెకు తెలిసింది. ఆ ఆల్బమ్‌లోని ‘ఫస్ట్ వి టేక్ మన్‌హాటన్’ను కోహెన్ తన సొంత రికార్డుగా తెచ్చింది 1988లో, అంటే ఆమె తర్వాతే. మరొక పాటలో కోహెన్ స్వయంగా ఆమెతో గొంతు కలిపారు. ఆ జంట గానంలో రెండు గొంతుల తేడా దాచకుండా వినిపిస్తుంది, ఆ పాటకు అవసరమైనదీ ఆ తేడాయే.

మీరు అడిగిన ‘ఎందుకు’ దగ్గరకు వస్తాను. కోహెన్ బాణీలు చాలావరకు తక్కువ స్వరాల మధ్య తిరుగుతాయి. ఒకే స్వరం మీద వరుసగా ఎన్నో అక్షరాలు పడతాయి. అలా పడటం వల్లే వాక్యం తన సహజమైన మాట తీరును కోల్పోదు. గాత్రబలం ఉన్నవారికి ఆ సమతలం వెలితిగా కనిపిస్తుంది. దాన్ని గమకాలతో, తారస్థాయి ఆలాపనలతో పూడ్చబోతారు. అప్పుడు వాక్యం మధ్యలో తెగుతుంది, ముఖ్యమైన పదం కాక పక్కనున్న పదం ఊపందుకుంటుంది. ఈ రచయిత దగ్గర అర్థమంతా వాక్యపు ఒరవడిలో ఉంది కాబట్టి, ఆ నష్టం మరే శోభతోనూ పూడదు. కచేరీలో చప్పట్లు తెచ్చిపెట్టే స్వరవిన్యాసమే ఇక్కడ అపకారం చేస్తుంది.

ఈ చర్చకు వెనుక ఒక చరిత్ర కూడా ఉంది. 1950లలో పాటల రచయిత వేరు, గాయకుడు వేరు. అమెరికా పాటల రచయిత కోల్ పోర్టర్ పాటలను జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో నార్మన్ గ్రాంజ్ నిర్మాణంలో రెండు ఎల్.పి.లుగా పాడినప్పుడు, అవి మూలానికి న్యాయం చేశాయా అన్న ప్రశ్న ఇంత తీవ్రంగా రాలేదు. ఎందుకంటే పోర్టర్ గొంతులోని రికార్డును మూలంగా పెట్టుకుని పోల్చేవారు దాదాపు లేరు. ఆ పాటకు మూలరూపం అచ్చులో ఉన్న స్వరలిపి. ఎల్లా ఆ తర్వాత రాడ్జర్స్–హార్ట్, డ్యూక్ ఎల్లింగ్టన్, ఇర్వింగ్ బెర్లిన్, గెర్ష్విన్ సోదరులు, హెరాల్డ్ ఆర్లెన్, జెరోమ్ కెర్న్, జానీ మెర్సర్‌ల వరకు 1964 దాకా ఈ వరుసను కొనసాగించారు. ఆమె పాడేవరకు తమ పాటలు అంత గొప్పవని తమకే తెలియదని ఐరా గెర్ష్విన్ అన్నట్లు ప్రసిద్ధి. నాటకశాలల్లో పుట్టిన ఆ పాటలకు ముందుభాగంగా ఉండే, ఇతర గాయకులు తరచూ వదిలేసే ఉపోద్ఘాత పంక్తులను కూడా ఆమె చాలాచోట్ల పాడారు. ఆ ఓపిక నాకు చాలా విలువైనదిగా తోస్తుంది.

1960ల నుంచి బాబ్ డిలాన్, కోహెన్, జోనీ మిచెల్ వంటివారు రాసినవారే పాడటం మొదలుపెట్టాక, రచయిత రికార్డే పాటకు ప్రమాణం అయింది. ఆ గొంతులోని జీర, ఆ ఏడాది స్టూడియోలో దొరికిన వాద్యాలు, ఆ రోజు పడిన తడబాటు కూడా పాటలో భాగమైపోయాయి. ఇతరులు పాడితే అవన్నీ పోతాయి. పోయినదాన్ని తలచుకుంటూ వింటే ఏ నివాళి ఆల్బమూ నచ్చదు. కోహెన్ విషయంలో మరొక మాట గుర్తుంచుకోవాలి. ‘సుజాన్’ పాటను లోకం మొదట విన్నది ఆయన గొంతులో కాదు. 1966లో జూడీ కాలిన్స్ దాన్ని రికార్డు చేశారు, కోహెన్ మొదటి ఆల్బమ్ వచ్చింది 1967 చివర. ఇతరుల గొంతు ద్వారా శ్రోతలను చేరడం ఆయన పాటలకు మొదటినుంచీ ఉన్న మార్గమే.

ప్రశ్న: ఒకే గాయకుడు ఒక రచయిత పాటలన్నీ పాడటం మంచిదా, పలువురు కలిసి పాడటం మంచిదా?
– ఒక పాఠకుడు

జవాబు: నన్ను ఎంచుకోమంటే ఒకరే పాడినదాన్ని ఎంచుకుంటాను. అమెరికా గాయకుడు హారీ నిల్సన్ 1970లో తోటి పాటల రచయిత రాండీ న్యూమన్ పాటలతో చేసిన ‘నిల్సన్ సింగ్స్ న్యూమన్’ను చూడండి. పియానో వాయించింది న్యూమన్ స్వయంగా. నిల్సన్ తన గొంతునే పొరలు పొరలుగా అనేకసార్లు రికార్డు చేసి, బృందగానం కూడా తానే అయ్యారు. న్యూమన్ తన పాటల్లో తరచుగా అల్పబుద్ధి గల పాత్రల నోటితో మాట్లాడతారు. ఆయన నీరసమైన, సాగదీసిన గొంతులో ఆ పాత్ర తేలికగా పట్టుబడుతుంది. నిల్సన్ గొంతు తీయనిది కాబట్టి ఆ పదును కొన్నిచోట్ల మొద్దుబారింది. కానీ విషాదం ఉన్న పాటల్లో, న్యూమన్ సిగ్గుపడి దాటేసే కోమలమైన భావాన్ని నిల్సన్ వెలికి తీశారు. ఈ లాభనష్టాలు రెండూ ఒకే మనసు చేసిన ఎంపిక నుంచి వచ్చాయి కాబట్టి వినేవారికి ఒక దారి దొరుకుతుంది.

పలువురు పాడినా ఆ ఏకత్వాన్ని సాధించవచ్చు, వెనుక ఒకే బృందం ఉంటే. కోహెన్ 2016లో మరణించిన తర్వాత, 2022లో బ్లూ నోట్ సంస్థ విడుదల చేసిన ‘హియర్ ఇట్ ఈజ్’లో నోరా జోన్స్, గ్రెగరీ పోర్టర్, మేవిస్ స్టేపుల్స్, ఇగీ పాప్, జేమ్స్ టేలర్ వంటి పొంతన లేని గొంతులు ఉన్నాయి. కానీ నిర్మాత లారీ క్లైన్ జాజ్ వాద్యకారులతో ఒక బృందాన్ని కూర్చి, బిల్ ఫ్రిసెల్ గిటార్‌ను ఆల్బమ్ పొడవునా ఆధారంగా నిలిపారు. అందువల్ల గొంతు మారినప్పుడల్లా గది మారినట్లు అనిపించదు. ‘టవర్ ఆఫ్ సాంగ్’లో లోపించినది ఈ అల్లిక.

ప్రశ్న: మంచి పని కోసం నిధులు సేకరించడానికి చేసిన నివాళి ఆల్బమ్‌ను విమర్శించడం సబబేనా? పాడినవారు పాటను మార్చినా రచయితకు డబ్బు వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: సబబే. సదాశయం నిధిని సమకూరుస్తుంది. పాటను మెరుగ్గా పాడించడం వేరే శ్రమ. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ యాభై ఏళ్ల సందర్భంగా 2012లో వచ్చిన ‘చైమ్స్ ఆఫ్ ఫ్రీడమ్’లో నాలుగు సీడీల నిండా డెబ్భైకి పైగా డిలాన్ పాటలు ఉన్నాయి. అంత పెద్ద సంకలనాన్ని ఆసాంతం వింటే కొన్ని ఆణిముత్యాలు దొరుకుతాయి, కానీ వాటిని వెతుక్కోవలసిన భారం శ్రోత మీదే పడుతుంది. ఎవరో ఒకరు నిర్దాక్షిణ్యంగా సగానికి తగ్గించి ఉంటే డిలాన్‌కూ, పాడినవారికీ మేలు జరిగేది.

దీనికి భిన్నంగా, 1993లో వచ్చిన ‘స్వీట్ రిలీఫ్’ ఒక అరుదైన పని చేసింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీ వ్యాధికి గురై, ఆరోగ్య బీమా లేక ఇబ్బంది పడుతున్న గాయని, పాటల రచయిత్రి విక్టోరియా విలియమ్స్ వైద్య ఖర్చుల కోసం ఆమె పాటలను లూ రీడ్, పెర్ల్ జామ్, లూసిండా విలియమ్స్ తదితరులు పాడారు. అప్పటికి ఆమెను ఎరిగిన శ్రోతలు తక్కువ. అంతగా పేరు లేని రచయిత్రి పాటలు పెద్ద గొంతుల ద్వారా ఎందరికో చేరాయి. ఆ ఆల్బమ్ పేరుతోనే సంగీతకారులను ఆదుకునే నిధి కూడా ఏర్పడింది. నిజానికి నివాళి ఆల్బమ్ అత్యంత ఉపయోగపడేది ఇటువంటివారికే. సుప్రసిద్ధుడైన రచయితకు అది గౌరవం, మరుగున ఉన్న రచయితకు అది జీవనాధారం.

డబ్బు విషయానికి వస్తే, అమెరికాలో 1909 నాటి కాపీరైట్ చట్టం నుంచి ఒక ఏర్పాటు ఉంది. ఒకసారి విడుదలైన పాటను వేరొకరు రికార్డు చేయదలిస్తే, చట్టం నిర్ణయించిన రుసుము చెల్లించి చేసుకోవచ్చు. రచయిత విడిగా అనుమతి ఇవ్వనవసరం లేదు. ఐదు నిమిషాల లోపు పాటకు 2006 నుంచి 2022 వరకు అమ్ముడైన ఒక్కో కాపీకి 9.1 సెంట్ల చొప్పున ఉండేది. ఆ రుసుము పాట రాసినవారికి, వారి ప్రచురణకర్తకు చెందుతుంది. మూల రికార్డు పాడిన గాయకుడికి అందులో వాటా లేదు. గాయకుడు తన శైలికి తగినట్లు కూర్పును మార్చుకోవచ్చు గానీ, మూల బాణీనీ పాట స్వభావాన్నీ మార్చడానికి ఈ ఏర్పాటు ఒప్పుకోదు. చట్టం గీసిన ఈ గీత సంగీతపరంగా కూడా చాలావరకు సమంజసమైనదే.

ప్రశ్న: మాటలే ప్రాణమైన రచయితకు, మాటలు లేని వాద్య సంగీతంతో నివాళి అర్పించడం అర్థవంతమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: జాజ్ పియానో విద్వాంసుడు హెర్బీ హాంకాక్ 2007లో జోనీ మిచెల్ పాటలతో చేసిన ‘రివర్: ది జోనీ లెటర్స్’ వినకముందు నేనైతే కాదనే చెప్పి ఉండేవాడిని. మరుసటి ఏడాది గ్రామీలలో ఉత్తమ ఆల్బమ్ పురస్కారం పొందిన ఆ కృతిలో కొన్ని పాటలకు గాయనులున్నారు, కొన్ని వాద్యాలకే పరిమితం. హాంకాక్, నిర్మాత లారీ క్లైన్ ముందుగా పాటల సాహిత్యాన్ని పరిశీలించి, వాద్యకారులకు కూడా చదివించి, దాని గురించి మాట్లాడుకున్న తర్వాతే వాయించారు. ఆ శ్రమ ఫలితం వేన్ షార్టర్ శాక్సఫోన్‌లో వినిపిస్తుంది. ఆయన బాణీని పూర్తిగా వాయించరు. ఒక వాక్యం సగంలో ఆగి, మాట వెతుక్కుంటున్న మనిషిలా కాసేపు మౌనం వహించి, మళ్లీ అందుకుంటారు. పాట తెలిసిన శ్రోతకు ఆ ఖాళీలో పడవలసిన పదం తానుగా స్ఫురిస్తుంది.

ఆ ఆల్బమ్ చివర్లో మన చర్చకు నేరుగా చెందిన సంగతి ఒకటి ఉంది. ‘ది జంగిల్ లైన్’ అనే పాటను అందులో వినిపించింది లెనర్డ్ కోహెనే. 1975లో జోనీ చేసిన మూల రికార్డు ఆఫ్రికా దేశమైన బురుండి డప్పుల హోరు మీద నడుస్తుంది. కోహెన్ ఆ డప్పులను, బాణీని కూడా పక్కన పెట్టి, హాంకాక్ పియానో ఒక్కటే తోడుగా సాహిత్యాన్ని చదివారు. తన పాటలు వందల గొంతుల్లో ఎన్నో రకాలుగా మారడం చూసిన మనిషి, తోటి రచయిత్రి పాటను పాడే వంతు తనకు వచ్చినప్పుడు అనుకరణ జోలికే పోలేదు. డప్పుల మధ్య మనం జారవిడుచుకున్న ప్రతిమలు, అంటే చిత్రకారుని అడవి, నగరపు రాత్రి, అన్నీ ఆ పఠనంలో ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. అయితే ఇంతటి స్వేచ్ఛ అందరికీ నప్పదు. బాణీని వదులుకున్నా నిలబడగల సాహిత్యం కావాలి, దాన్ని మోయగల ఉచ్చారణ కావాలి.

ప్రశ్న: కోహెన్‌ను ఇంతవరకు వినలేదు. నివాళి ఆల్బమ్‌తో మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మొదలుపెట్టవచ్చు, తప్పేమీ లేదు. అయితే ఆల్బమ్‌లుగా కాక, ఒక్కొక్క పాటగా వినమని నా సలహా. ‘హల్లెలూయా’ను ముందు కేల్ గొంతులో, తర్వాత 1984 మూల రికార్డులో, ఆ పిమ్మట ‘కోహెన్ లైవ్’లో వినండి. ప్రతిసారీ చరణాలను పక్కన పెట్టుకుని, ఏది ఉంది, ఏది పోయింది అని చూసుకోండి. 2009లో కెనడా ప్రసార సంస్థకు ఇచ్చిన ముఖాముఖిలో కోహెన్, అది మంచి పాటే గానీ మరీ ఎక్కువమంది పాడేస్తున్నారని అన్నారు. కాబట్టి దాని దగ్గరే ఆగిపోకుండా ‘సుజాన్’ను కూడా ఇలాగే, జూడీ కాలిన్స్‌తో మొదలుపెట్టి కోహెన్ దగ్గరకు, అక్కడి నుంచి గ్రెగరీ పోర్టర్ దగ్గరకు వరుసగా వినండి.